పడవ కొనేముందు దాని పొట్ట చూడండి

నేను ఇంగ్లండులో, కోవెంట్రీలో ఉంటాను. నాలుగేళ్ల కిందట 40 అడుగుల పాత నారోబోటు, అంటే ఇక్కడి కాలవల్లో తిరిగే సన్నటి పొడుగు పడవ, ఒకటి కొన్నాను, 1989లో కట్టింది, 24,500 పౌండ్లు పెట్టాను. అప్పట్నుంచి ఇక్కడి మనవాళ్లు ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న, "ఇంటి అద్దెకన్నా చవకంట కదా, మేమూ ఒకటి చూసుకోమంటావా?" అని. అద్దెకన్నా చవకా కాదా అన్నది తర్వాత చెప్తాను. ముందు ఏం చూడాలో, ఎలా కొనాలో చెప్తాను, ఎందుకంటే మొదటిసారి నేను చూసినవన్నీ తప్పు వస్తువులే. సోఫా చూశాను, పొయ్యి చూశాను, కిటికీలకి కట్టిన లేసు పరదాలు కూడా చూశాను. నీళ్లలో ఉన్న భాగం మాత్రం చూడలేదు.

మాది కోనసీమ. మా పెదనాన్నకి ఫోన్ చేసి పడవ కొంటున్నానంటే ఆయన రంగు అడగలేదు, ధర అడగలేదు, "అడుగు చూశావట్రా?" అన్నారు. చెక్క పడవని గట్టుకి లాగి, బోర్లించి, పలకల సందుల్లో నార కుక్కి తారు పూసిన మనిషి ఆయన. ఇక్కడ పడవలు ఇనుపవి, తారు మాత్రం అదే.

కాలవని ముందు అర్థం చేసుకోండి, పడవ తర్వాత. ఇదేదో చరిత్ర పాఠం అనుకోకండి, పడవ కొలత తేల్చేది కాలవే. ఇక్కడ 1761లో బార్టన్ దగ్గర ఇర్వెల్ నది మీద కట్టిన వంతెన కాలవలోంచి మొదటి పడవ దాటింది. కింద నది, పైన కాలవ! ఒక డ్యూక్ గారు తన గనిలో బొగ్గుని మాంచెస్టర్ చేర్చడానికి తవ్వించుకున్న ఆ బ్రిడ్జ్‌వాటర్ కాలవ వచ్చాక ఊళ్లో బొగ్గు ధర సగానికి పడింది. దాని ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ, పెద్దగా చదువుకున్నవాడు కాదు, పిండిమరల మెకానిక్కు. తర్వాత ట్రెంట్ అండ్ మెర్సీ కాలవకి ఆయన లాకుల వెడల్పు ఏడు అడుగులని తేల్చాడు. లాకంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది. వెడల్పు చేస్తే నీళ్లు ఎక్కువ కావాలి, పైగా దారిలో హేర్‌కాసిల్ కొండ కింద ఒకటిన్నర మైలుకి పైగా సొరంగం తవ్వాలి, అది ఎంత సన్నగా ఉంటే అంత ఖర్చు తగ్గుతుంది. ఆ లెక్కతో వేసిన ఏడడుగుల గీతే ఇంగ్లండు నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో చాలా కాలవలకి వచ్చేసింది, అందుకే ఈరోజుకీ నారోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 72 అడుగుల దాకా ఉండొచ్చు. రైలు పెట్టెలో కాపురం అనుకోండి.

మన గోదావరి కాలవలకీ వీటికీ ఒక పెద్ద తేడా ఉంది, అది తెలిస్తే సగం సంగతులు అర్థమవుతాయి. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి తీసిన కాలవలు పొలాలకి నీళ్లిస్తూ పడవలకీ దారిచ్చేలా వేసినవి. అందులో నీళ్లు పారతాయి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇంగ్లండు కాలవలో నీళ్లు పారవు, దాదాపు నిలబడి ఉంటాయి. కాలవ ఒక లోయలోంచి కొండ ఎక్కి ఇంకో లోయలోకి దిగుతుంది. నీళ్లు పైకి ఎక్కవు కదా, అందుకని కొండమీద చెరువులు కట్టి పైనుంచి నింపుతారు. ఒక పడవ లాకు దాటితే ఒక లాకుడు నీళ్లు కిందికి పోతాయి. 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తేడా వేసుకోండి, లక్ష లీటర్లు! వానల్లేని వేసవిలో మన దగ్గర కాలవలు కట్టేసినట్టే ఇక్కడా లాకులకి తాళాలు వేసేస్తారు, చలికాలంలో మరమ్మతులకి ఇంకోసారి మూస్తారు. "ఆగస్టులో మాంచెస్టర్ దాకా పోయొస్తాం" అని పడవ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఈ నిలబడిన నీళ్లు ఇంకిపోకుండా కాలవ అడుగున బంకమట్టి పరిచి, నీళ్లు చిలకరించి, కుమ్మరి మట్టి తొక్కినట్టు తొక్కి తొక్కి పొరలు పొరలుగా వేశారు. దాన్ని పడ్లింగ్ అంటారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే మట్టి నీళ్లని మోస్తోంది. ఒడ్డు పక్కన నీళ్లు లోతు తక్కువ, పడవ అడుగు రాసుకుంటుంది. ఆ రాపిడి ఎక్కడ తగులుతుందో అక్కడే ఇనుము అరుగుతుంది. ఇప్పుడు పడవలోకి వద్దాం.

ఏ పడవ కొనాలి? చవకలో రెండు రకాలున్నాయి. ఒకటి ఫైబర్ గ్లాస్ క్రూయిజర్లు, ఇరవై పాతిక అడుగులవి, కొన్ని వేల పౌండ్లకే దొరుకుతాయి, తుప్పు భయం లేదు. శని ఆదివారాలు తిరగడానికి అవి చాలు, దానికి ముప్ఫై వేలు పెట్టి ఇనుప పడవ కొనడం దండగ అని నా అభిప్రాయం. కానీ డిసెంబరులో అందులో పడుకుంటే ఫ్రిజ్‌లో పడుకున్నట్టే, పైగా లాకులో పదిహేను టన్నుల ఇనుప పడవ పక్కకి వస్తే మన పడవ కొబ్బరి చిప్ప. రెండోది ఇనుప నారోబోటు. ఇందులో ఎక్కడికైనా పోవాలంటే 57 అడుగులు దాటకండి, యార్క్‌షైర్ వైపు కొన్ని లాకుల పొడవు అంతే. ఒక్కరే నడపాలంటే 40, 45 చాలు. వైడ్‌బీమ్ అని వెడల్పువి కూడా ఉంటాయి, లోపల చూస్తే అపార్ట్‌మెంట్‌లా ఉంటుంది, మనసు లాగేస్తుంది, కానీ బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఇరుకు లాకుల దగ్గర అది ఆగిపోవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి, హల్. అంటే పడవ పొట్ట. ఈమధ్య కట్టిన నారోబోటుకి సాధారణంగా 10/6/4 అంటారు, అడుగు పలక 10 మి.మీ., పక్కలు 6, పైన క్యాబిన్ 4. పాతవాటిలో అడుగు పలక కూడా 6 మి.మీ. ఉంటుంది, అంతకన్నా పలచటివీ ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు నీళ్లలో ఉన్నాక అందులో ఎంత మిగిలిందన్నదే మీరు డబ్బిచ్చి కొంటున్నది. మిగతాదంతా ఫర్నిచరు.

మొదట నేను బేరం కుదుర్చుకున్నది వేరే పడవ. 45 అడుగులు, ఆకుపచ్చ రంగు మీద ఎర్ర గులాబీలు గీసి పెళ్లికూతురిలా ఉంది. అమ్మేవాడు "పోయిన నెలే బ్లాకింగ్ చేయించా" అన్నాడు, బ్లాకింగ్ అంటే అడుగుకి వేసే తారు పూత. నాకది మంచి మాటలా వినపడింది. అదృష్టం బాగుండి, సర్వేకి, అంటే నిపుణుడు చేసే తనిఖీకి, లోబడి కొంటానని కాగితం మీద రాయించాను. పడవని నీళ్లు తోడేసిన డాక్‌లో దిమ్మెల మీద కూర్చోబెట్టారు. సర్వేయర్ ఒక చిన్న సుత్తి, గోకుడు పలక, ఫోనంత మీటరు పట్టుకుని వచ్చాడు. పౌండు నాణెం అంత మేర కొత్త తారు గోకుతాడు, జెల్లు చుక్క పెడతాడు, మీటరు కొస ఆనిస్తాడు, పలక మందం ఎన్ని మి.మీ. మిగిలిందో అంకె చదువుతాడు, పక్కన సుద్దముక్కతో రాస్తాడు. 5.4. 5.1. 5.3. నేను లోలోపల తీపి పంచుతున్నాను. వెనక భాగంలో నీటి గీత దగ్గరకి వచ్చేసరికి 4.2, తర్వాత 3.6, తర్వాత 2.9. అక్కడ సుత్తితో కొడితే చప్పుడు మారింది, టంగుమనే బదులు డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. వేలితో తడిమితే తారు కింద పెసరగింజంత గుంటలు. కొత్త తారు పూసింది అందం కోసం కాదని అప్పుడు అర్థమైంది. డాక్ ఖర్చుతో కలిపి 780 పౌండ్లు పోయాయి. రెండు రోజులు అన్నం సహించలేదు, కానీ ఆ పడవ కొని ఉంటే కొత్త పలకలు వేయించడానికి దానికి పది రెట్లు పోయేవి.

కాబట్టి సర్వే డబ్బులు మిగుల్చుకుందాం అని మాత్రం అనుకోవద్దు. సర్వేయర్ని మీరే పెట్టుకోండి, అమ్మేవాడు "మాకు తెలిసినాయన ఉన్నాడు" అంటే నవ్వి ఊరుకోండి. అమ్మేవాడి దగ్గరున్న పాత రిపోర్టు చదవండి, నమ్మకండి. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాత పడవకి సర్వే అడుగుతాయి, 4 మి.మీ. కన్నా తగ్గిన చోటుంటే మొహం చాటేస్తాయి. పాత ఇనుము మీద కొత్త పలక వెల్డింగ్ చేసి ఉంటే, దాన్ని ఓవర్‌ప్లేటింగ్ అంటారు, అది తప్పేం కాదు, కానీ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, బిల్లేదీ అని అడగండి. పడవ పక్కన వేలాడే మెగ్నీషియం దిమ్మెలు, యానోడ్లు, ఎంత మిగిలాయో కూడా చూడమనండి. తుప్పు ముందు వాటిని తింటుంది, అవి అయిపోతే పడవని తింటుంది. కరెంటు తీగ తగిలించుకుని ఏళ్ల తరబడి మరీనాలో, అంటే పడవలు కట్టేసే అద్దె రేవులో, పడున్న పడవ మీద ఇంకాస్త అనుమానం ఉంచుకోవాలి, పక్క పడవల కరెంటు ఎర్త్ తీగ గుండా తిరిగి ఇనుముని కొరికేస్తుంది. దానికి గాల్వానిక్ ఐసొలేటర్ ఉందా అని అడగండి.

సర్వేకి ముందు మీరే ఉచితంగా చూసుకోగలిగినవి ఉన్నాయి. క్యాబిన్ వెనక చివర నేలలో చిన్న మూత ఉంటుంది, ఎత్తి టార్చి వేయండి. ఎండు దుమ్ము కనిపిస్తే బంగారం. నీళ్లుంటే ఎక్కడివి, పైకప్పువా, పైపువా, కాలవవా? మూతే లేదంటే, దాన్ని కార్పెట్ కింద కప్పేశారంటే, ఇంకో పడవ చూసుకోండి. కిటికీల కింద చెక్కని బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే నాలుగు కిటికీలు విప్పి బిగించే పని. పరుపు ఎత్తి కింద వాసన చూడండి, సిగ్గుపడకండి.

ఇంజను దగ్గరకి వెళ్లగానే మొదట చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేముందు స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట, "ఒక కప్పు టీ తాగి చల్లారాక చూద్దాం" అనండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా అంటుకుంటుందో అదే దాని జాతకం. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది. ముందు గేరు, వెనక గేరు రెండూ వేయించండి, ఎందుకంటే పడవకి బ్రేకు లేదు, వెనక గేరే బ్రేకు. పడవని నీళ్లలో తోసే ఫ్యాను తిరిగే రాడ్డు బయటికెళ్లే చోట స్టెర్న్ గ్లాండ్ ఉంటుంది, అక్కడ చుక్క చుక్క కారితే గ్రీజు తిప్పితే ఆగుతుంది, ధారగా కారితే ఆగదు. బ్యాటరీల గురించి అమ్మేవాడు ఏం చెప్పినా అవి చచ్చాయనుకుని లెక్క వేసుకోండి.

గ్యాసు విషయంలో సరదా వద్దు. సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిటికీలోంచి పోదు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే సిలిండర్లు విడిగా ముందు భాగంలో పెడతారు, ఆ గదికి బయటికి రంధ్రాలుంటాయి, అవి పూడుకుపోలేదని చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఇవన్నీ చూసి నాలుగేళ్లకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: "సర్టిఫికెట్ ఉంది కదా, పడవ బాగున్నట్టే" అని. ఆ సర్టిఫికెట్ గ్యాసు, కరెంటు, మంటల గురించి. అడుగు పలక కాగితంలా ఉన్నా ఆ సర్టిఫికెట్ వస్తుంది.

కాగితాల సంగతి మనవాళ్లకి వింతగా ఉంటుంది. కారుకి ఆర్సీ ఉన్నట్టు కాలవ పడవకి తప్పనిసరి యాజమాన్య పుస్తకం అంటూ లేదు. లైసెన్సు ఎవరి పేరున ఉందన్నది ఓనరు ఎవరన్నదానికి రుజువు కాదు. కాబట్టి పాత అమ్మకం రసీదులు వరసగా అడగండి, పడవ మీద అప్పుందా, మరీనాకి బాకీ ఉందా అని రాతపూర్వకంగా చెప్పించుకోండి, అమ్మేవాడి గుర్తింపు కార్డు, ఇంటి అడ్రసు చూడండి. బ్రోకరు ద్వారా కొంటే కాస్త ధర ఎక్కువ, టెన్షన్ తక్కువ.

ఇక అద్దెకన్నా చవకా అన్న ప్రశ్న. ఇంగ్లండు, వేల్స్‌లో దాదాపు 2,000 మైళ్ల కాలవలు, నదులు చూసుకునేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, 2012 నుంచి. లైసెన్సు వాళ్లదే, పొడవుని బట్టి రేటు, నా 40 అడుగులకి ఏడాదికి వెయ్యి పౌండ్ల చుట్టుపక్కల. ఇన్సూరెన్స్ వేరే. రెండు మూడేళ్లకోసారి డాక్‌లో పెట్టి తారు వేయించడానికి నాకు ఆరేడు వందలు. మరీనాలో చోటుకి రెండు వేల పైన కడుతున్నాను. చోటు లేకుండా తిరుగుతూ ఉంటాం అంటే కుదురుతుంది, 1995 చట్టం ప్రకారం ఒకే చోట 14 రోజులకి మించి కట్టేయకూడదు, నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి, అటూ ఇటూ రెండు వంతెనల మధ్య ఊగితే ఒప్పుకోరు. 2024 ఏప్రిల్ నుంచి ఇలా తిరిగేవాళ్లకి లైసెన్సు మీద అదనపు రుసుము కూడా మొదలైంది. పిల్లలు స్కూలుకి వెళ్తుంటే, రోజూ తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలంటే ఇది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పడవకి 25,000 ఉంటే 20,000 పడవే చూడండి, మిగతా ఐదు మొదటి ఏడాదే అడుగుతుంది. నన్ను అడిగింది. మొదటి చలికాలం వాటర్ పంపులో నీళ్లు తీయడం మర్చిపోయాను, గడ్డకట్టి పగిలింది, ఆ వారంలోనే టాయిలెట్ క్యాసెట్ మూత విరిగింది, దాని గురించి ఇంతకన్నా రాయను.

కొనే ముందు ఒక్కరోజు ఎవరి పడవలోనైనా లాకు దాటి చూడండి, అద్దెకిచ్చే పడవలుంటాయి. చుక్కాని కర్ర ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి పోతుంది, మొదటి అరగంట చెట్లలోకి దూరుతారు, ఫర్వాలేదు. గంటకి 4 మైళ్లే హద్దు, కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి అంతకన్నా మెల్లగా పోవాలి, లేకపోతే లోపల వాళ్ల టీ ఒలుకుతుంది, కిటికీలోంచి తల బయటికి వస్తుంది. ఎదురు పడవొస్తే కుడివైపుకి జరగాలి.

లాకు దిగేటప్పుడు ఒక్క విషయంలో ప్రాణాలు పోతాయి. వెనక తలుపుల కింద రాతి గట్టు ఒకటి లోపలికి పొడుచుకుని ఉంటుంది, సిల్ అంటారు, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. లాకు గోడ మీద తెల్లగీత ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. నీళ్లు దిగుతుంటే వెనక భాగం ఆ రాయి మీద కూర్చుండిపోతే ముందు భాగం దిగిపోతూ పడవ నిలువునా వంగి మునుగుతుంది. అది నిమిషాల్లో అయిపోతుంది. తాడు గట్టిగా ముడేసి దిగకూడదు, చేతిలో వదులుగా పట్టుకోవాలి. ఏమాత్రం అనుమానం వచ్చినా ముందు నీళ్లు వదిలే తూము మూసేయాలి, తర్వాత కేకలు.

ఆ తూము తిప్పడానికి చేతిలో ఉండేది విండ్లాస్, ఎల్ ఆకారంలో ఇనుప కడ్డీ, ఒక చివర చదరపు రంధ్రం. పళ్ల చక్రం ఇరుసుకి తగిలించి తిప్పుతుంటే టకటకా చప్పుడొస్తుంది, పళ్లకి అడ్డుపడే చిన్న కొక్కెం ఉంటుంది, అది వేయకుండా విండ్లాస్ వదిలారంటే గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. రెండు వందల ఏళ్ల కిందటి పద్ధతే, మోటారు లేదు, కరెంటు లేదు, తలుపుల్ని మూసి పట్టుకునేది కూడా పైనున్న నీళ్ల బరువే. అందుకే ఆ రెండు తలుపులు పైనీళ్ల వైపుకి వి ఆకారంలో ఆనుకుంటాయి. రెండు పక్కలా నీళ్లు సమానం కాకముందు పది మంది తోసినా కదలవు, సమానమయ్యాక ఒక్కళ్లు నడుము ఆనించి వెనక్కి నడిస్తే తెరుచుకుంటాయి.

మా ఊరి పక్కనే హాక్స్‌బరీ దగ్గర కోవెంట్రీ కాలవ, ఆక్స్‌ఫర్డ్ కాలవ కలుస్తాయి. అక్కడ ఒక లాకుంది, ఎత్తు తేడా అడుగు కూడా ఉండదు. అంత చిన్నదానికి లాకెందుకయ్యా అంటే, రెండు కాలవలూ రెండు కంపెనీలవి, ఒకళ్ల నీళ్లు ఇంకొకళ్లకి పోకూడదని కట్టుకున్నారు. మన గట్టు తగాదాల ముందు ఇదెంత! కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఆ లాకే మంచిది, తప్పు చేసినా పడవ జానెడే దిగుతుంది.

కొనడానికి మంచి కాలం అక్టోబరు తర్వాత. ఎండలో అన్ని పడవలూ అందంగానే ఉంటాయి, వానలో చూస్తే ఎక్కడ కారుతుందో తెలుస్తుంది, పైగా అమ్మేవాడికి ఇంకో చలికాలం మరీనా డబ్బు కట్టాలని ఉండదు. డబ్బు ఇచ్చిన రోజు తాళాలు, నీటి ట్యాపుల తాళంచెవి, తాళ్లు, పడవ కట్టడానికి గట్టున దిగ్గొట్టే మేకులు, సుత్తి, విండ్లాస్ అన్నీ లెక్కపెట్టి తీసుకోండి. విండ్లాస్ ఇంకోటి కూడా కొనుక్కోండి, ఒకటి ఎలాగూ నీళ్లలో పడుతుంది. నాది మొదటి వారమే హాక్స్‌బరీలో పడింది. పక్క పడవాయన అయస్కాంతాన్ని తాడుకి కట్టి దాన్ని తీసిపెట్టాడు, దాంతోపాటు ఎవరిదో సైకిల్ గంట కూడా వచ్చింది. తేలిగ్గా ఉంటుందని అల్యూమినియంది అమ్ముతారు, అది అయస్కాంతానికి అంటుకోదు, ఇనుపదే తీసుకోండి.